నెత్తళ్ళ నడుమ తోవ

దేవికి లెక్కలు రావని దిబ్బలపేటలో ఎవరైనా అంటే నమ్మకండి. పంతొమ్మిదో ఎక్కం వరకూ గుక్క తిప్పుకోకుండా ఒప్పజెబుతుంది. కూడికలకు కాగితం అక్కర్లేదు, తీసివేతలకు వేళ్ళు అక్కర్లేదు. ఆమెకు కొరుకుడుపడనిది ఒక్కటే, దీర్ఘచతురస్రం. ఓస్, అదెంత పని, పొడవును వెడల్పుతో గుణిస్తే వైశాల్యం వచ్చేస్తుంది కదా అని మీరంటారు. ఆ ముక్క దేవికీ తెలుసు. నిద్రలో లేపి అడిగినా సూత్రం తప్పకుండా చెబుతుంది. తీరా లెక్క చేసేసరికి మాత్రం జవాబు తప్పు. అందులోనూ ఒక చోద్యం ఉంది. ఒక్కసారైనా ఎక్కువ రాదు, ఎప్పుడూ తక్కువే వస్తుంది.

ఊరికే సరదాకి నేర్చుకుంటున్న చదువైతే ఈ గొడవ మనకెందుకు? దేవి ఆ ఊరి అంగన్‌వాడీలో ఆయా. పిల్లలను ఇళ్ళ నుంచి పోగుచేసుకు రావడం, అన్నం వండడం, గుడ్లు ఉడకబెట్టడం, మూతులు కడగడం ఆమె పని. పాటలు నేర్పడం, పలక మీద గీతలు దిద్దించడం టీచరు నీలవేణి పని. ఈ వేసవి దాటితే నీలవేణి రిటైరైపోతుంది. ఆ కుర్చీ దేవికి రావాలంటే పదో తరగతి పాసై ఉండాలి. నిరుడు ఓపెన్ టెన్త్ కట్టింది. తెలుగు, సాంఘికం, సైన్సు అన్నీ గట్టెక్కాయి. లెక్కలు రెండు మార్కుల్లో పోయాయి. ఈసారి కూడా పోతే ఆ కుర్చీలో వేరే ఊరి మనిషెవరో వచ్చి కూర్చుంటారు. గుడ్లు ఉడకబెట్టడం తప్పేమీ కాదు, దేవి దాన్ని ఎప్పుడూ చిన్నతనంగా అనుకోలేదు. కానీ నీలవేణి పాట ఎత్తుకున్నప్పుడల్లా వంటగదిలో దేవి పెదవులు వాటంతటవే కదులుతాయి. ఆ పాట తను ముందు నిలబడి పాడాలని, పిల్లలు తన నోటికేసి చూడాలని ఆమెకు చచ్చేంత కోరిక.

అందుకని మధ్యాహ్నాలు చదువుకునేది. పిల్లలు అన్నాలు తిని చాపల మీద వరుసగా నిద్రపోయేవారు. ఫ్యాను కిర్రు కిర్రుమంటూ తిరిగేది. బయట సముద్రం ఒకటే హోరు. కిటికీలోంచి ఉప్పుగాలి, దాంతోపాటు దిబ్బ మీద ఆరే నెత్తళ్ళనే చిన్నచేపల వాసన వచ్చేవి. ఆ వేళకు దేవికీ కళ్ళు బరువెక్కేవి. సగం మెలకువ, సగం కల. గచ్చు మీద నీలవేణి సుద్దముక్కతో గీసిన గీతలు నీళ్ళలో ఉన్నట్టు కాస్త ఊగుతూ కనబడేవి.

నీలవేణిది రైతుల ఇల్లు. పుట్టిల్లు గజపతినగరం అవతల మెట్ట పల్లె. కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా దేవికి లెక్కలు చెప్పమని ఆమెను ఎవరూ బతిమాలలేదు, తనకై తనే నడుం కట్టింది. పదకొండేళ్ళు ఒకే గదిలో కలిసి పనిచేసిన మనిషి, తన కుర్చీలో తన మనిషే కూర్చోవాలని పట్టు.

"ఇది మా నాన్న నువ్వుసేననుకో," అంది నీలవేణి, గచ్చు మీద నాలుగు గీతలు గీసి. "పొడవు పన్నెండు. ఎడల్పు ఎనిమిది. వైశాల్యం ఎంత?"

దేవి ఆ గీతల వంక చూసింది. చూస్తూ ఉండగానే గచ్చు ఇసకైపోయింది. సుద్దగీతలు పాత వల అంచులైపోయాయి. వల మీద వెండిరంగు తళుకు పరుచుకుంది.

"ఎనబై నాలుగు టీచరమ్మా."

"నీ మొహం! పన్నెండెనిమిదులు ఎంతే?"

"తొంబై ఆరు."

"మరి ఎనబై నాలుగు ఎక్కడ్నించొచ్చినాది?"

"ఏటో... అలగొచ్చీసినాది."

నీలవేణి తల పట్టుకుంది. ఇది ఒకనాటి ముచ్చట కాదు. రోజూ ఇదే వరస. మాదిరి ప్రశ్నపత్రాల్లో ప్రతి లెక్క కిందా నాలుగు జవాబులు ఇస్తారు, సరైనదాన్ని ఎంచుకోవాలి. దేవికి వచ్చే జవాబు ఆ నాలుగింట్లోనూ ఉండేది కాదు. అప్పుడామె బెంబేలెత్తి, దగ్గర్లో ఉన్నదేదో ఒకటి పెట్టేసేది. ఒకసారి తగిలేది, ఒకసారి తప్పేది. నిరుడు పరీక్షలో తప్పినవే ఎక్కువ.

ఇంట్లో మొగుడు గంగరాజు వేళాకోళం సరేసరి. చేపల వేట నుంచి వచ్చి, తలారా నీళ్ళు పోసుకుని, అన్నం ముందు కూర్చుని అనేవాడు. "ఒసే దేవీ, మన సముద్రం పొడవెంతే? ఎడల్పెంతే? గుణించి సెప్పీ, రేపు వల ఎక్కడెయ్యాలో తెలుస్తాది."

"నీకు యెటకారంగా ఉన్నాది బావా. పరీచ్చ పోతే తెలుస్తాది నా బాధ."

"పోదులేయే. పోతే మల్లీ రాద్దువు. సముద్రమేటి ఎల్లిపోతాదా?"

సముద్రం ఎక్కడికీ పోదు, కానీ కుర్చీ పోతుంది. ఆ మాట గంగరాజుకు చెప్పినా అర్థం కాదని దేవి అన్నం వడ్డించి ఊరుకునేది.

ఒకరోజు నీలవేణికి ఓపిక నశించింది. సుద్దముక్క దేవి చేతిలో పెట్టేసింది. "ఇంక నేను గియ్యనే. నువ్వే గియ్యి. పన్నెండు, ఎనిమిది. నీ బుర్రలో ఏటి కనబడతన్నాదో అదే గియ్యి, సూద్దుము."

దేవి వంగి నాలుగు గీతలు గీసింది. బాగానే ఉంది. చెయ్యి ఆగలేదు. ఆ పెట్టె నడుమ పొడుగునా, ఈ చివర నుంచి ఆ చివరి దాకా, దగ్గర దగ్గరగా ఇంకో రెండు గీతలు గీసింది.

"ఇదేటే?"

"తోవ."

"ఎవులు పెట్టమన్నారే తోవని? లెక్కలో తోవున్నాదా?"

"పెట్టకపోతే ఎలగ టీచరమ్మా?" దేవి ఆశ్చర్యపోయింది. "నెత్తళ్ళు తిరగెయ్యొద్దా? నడవడానికి సోటు గావాల. నేకపోతే తొక్కీమేటి?"

"ఓలమ్మో! నా నువ్వుసేలో నెత్తళ్ళు ఆరబోసినావేటే!"

నీలవేణికి నవ్వు ఆగలేదు. పిల్లలు లేస్తారేమోనని కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. దేవికీ నవ్వొచ్చింది. ఎనిమిది అంగల వెడల్పులో తోవకొక అంగ పోతే ఏడు, పన్నెండేడులు ఎనభై నాలుగు. లెక్క తప్పలేదు పాపం, తోవే అడ్డొచ్చింది. అన్నాళ్ళుగా ఎవరికీ అంతుపట్టని తప్పు గచ్చు మీద తెల్లగా కనబడుతోంది.

"సరే, దొరికింది దొంగ," అంది నీలవేణి కళ్ళు తుడుచుకుంటూ. "ఆ తోవ తుడిచీ."

దేవి చెయ్యి చాపింది. గీత దాకా వెళ్ళి చెయ్యి ఆగిపోయింది.

"ఏటే?"

"అందులో పిల్ల కూకునుంది టీచరమ్మా."

నీలవేణి నవ్వు ఆగిపోయింది. దేవి ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు చెప్పింది.

దేవి తల్లి మరిడమ్మ ఎండుచేపల మనిషి. ఇప్పటికీ అదే పని. పడవలు వచ్చే వేళకు రేవులో నిలబడి గంపలకెత్తించుకుని, ఇసక దిబ్బ మీద పాత వల పరిచి, నెత్తళ్ళను ఒక్కొక్కటీ విడివిడిగా పడేలా చల్లుతుంది. పొడుగు పన్నెండు అంగలు, వెడల్పు ఎనిమిది అంగలు, మధ్యలో ఒక అంగ తోవ. ఎండెక్కాక ఆ తోవలో నడుస్తూ రెండు పక్కలా వంగి చేపలను తిరగేస్తుంది. దేవి ఐదో తరగతిలో ఉన్న ఏడు నెత్తళ్ళు విపరీతంగా పడ్డాయి. మరిడమ్మ గంప నెత్తిన పెట్టుకుని సంతలకు పోవాలి. ఆరబోసిన చేపల మీద కాకులు, గద్దలు. కాపలా ఎవరు? "ఈ పంట మట్టుకేనే, తరవాత బడికెల్దువు" అని కూతురి చేతిలో కర్ర పెట్టి ఆ తోవలో కూర్చోబెట్టింది. ఆ పంట అయ్యాక కవ్వళ్ళ చేపలు వచ్చాయి, ఆ తర్వాత మళ్ళీ నెత్తళ్ళు వచ్చాయి. సముద్రానికి సెలవులుండవు కదా. దేవి ఇంక బడికి పోలేదు.

కానీ బడి దగ్గరే. దిబ్బ అవతలే. గాలి ఇటు తిరిగినప్పుడు పిల్లలందరూ గొంతెత్తి ఎక్కాలు చదవడం వినబడేది. తోవలో గొంతుక్కూర్చుని, కర్రతో ఇసక మీద తాళం వేస్తూ, దేవి కూడా వాళ్ళతో పాటు చదివేది. రెండో ఎక్కం నుంచి పంతొమ్మిది వరకూ అలా గాలిలోంచి నేర్చుకున్నదే. మంచి ఎండలో కళ్ళు మూసుకుంటే తనూ ఆ వరసలో, యమున పక్కన, తన పాత చోట్లోనే కూర్చున్నట్టుండేది. యమున ఆమె పలక నేస్తం. ఒక్కోసారి ఎక్కాలు ఆగిపోయి బడి నిశ్శబ్దమైపోయేది. మాస్టారు బోర్డు మీద ఏదో బొమ్మ గీస్తున్నాడన్న మాట. ఆ బొమ్మ ఏమిటో గాలి మోసుకురాలేదు. దేవి చెవులు రిక్కించి కూర్చునేది. సముద్రం హోరు తప్ప ఏమీ వినబడేది కాదు.

"సాయంత్రం యమున ఒచ్చి సెప్పింది. దీరగ సతరస్రం గీసినారంట. నాకేటి తెలుస్తాది? మీ వల లాగుంటాదే అన్నాది. సరే, వల్లాగుంటాదనుకున్నాను," అంది దేవి. "అప్పట్నించి ఆ బొమ్మ ఎక్కడ సూసినా, నాలో ఉన్న ఆ పిల్ల అందులోనే కూకుంటాది. కర్రట్టుకుని. తోవ తుడిసీసినానంటే దాని నెత్తి మీద నెత్తళ్ళు పోసీసినట్టే గదా."

చాప మీద ఈశ్వర్ అనే బుడ్డాడు ఇటు నుంచి అటు దొర్లి, మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు. నీలవేణి లేచి వాడికి దుప్పటి సర్ది వచ్చి, గొంతు సవరించుకుంది. కన్నీళ్ళు కనబడకుండా కోపం తెచ్చిపెట్టుకోవడం ఆమెకు బాగా అలవాటు.

"సరేలెయ్యి. పిల్లనేటీ సెయ్యొద్దు. అసలు నేల మీద ఆలోసించడం మానీ. ప్రతీదీ గోడనుకో. గోడ మీద ఎవులూ నడవరు, తోవక్కర్లేదు. పన్నెండు, ఎనిమిది ఉన్న గోడకి సున్నం ఎంత సోటుకి పడతాది?"

దేవి కళ్ళు మూసుకుని గోడ నిలబెట్టింది. "తొంబై ఆరు."

"హమ్మయ్య!"

అదిగో, ఆ రోజు నుంచి దేవి కంటికి లోకమంతా నిలబడిపోయింది. పొలాలు నిలబడ్డాయి, తోటలు నిలబడ్డాయి, ఆటస్థలాలు గోడకు ఆనించిన మంచాల్లా నిలబడ్డాయి. పొందూరు పంచె లెక్క వస్తే దాన్ని దండెం మీద ఆరేసింది. ఈత కొలను లెక్క వస్తే దాన్ని కూడా లేపి నిలబెట్టి, నీళ్ళు పోతాయేమోనని ఒక క్షణం కంగారుపడి, సరైన జవాబే చెప్పింది. నీలవేణి మురిసిపోయింది. మాదిరి పత్రాలు వరసగా కుదిరాయి. అయినా దేవి లోపల ఒక బెంగ ఉంది. గోడ నిలబెట్టినప్పుడల్లా దాని వెనక ఎవరో కూర్చుని ఉన్నట్టు, కర్రతో ఇసక మీద తట్టుతున్నట్టు అనిపించేది. ఆ సంగతి నీలవేణికి చెప్పలేదు. చెబితే మళ్ళీ తల పట్టుకుంటుందని భయం.

పరీక్ష రోజు గంగరాజు వేట మానుకుని బండి మీద మండలం ఊరికి దింపాడు. దారి పొడుగునా వేళాకోళం లేదు, పాట లేదు. హైస్కూలు గేటు దగ్గర మాత్రం, "ఒసే దేవీ, భయపడకే. ఆళ్ళేటి నిన్ను తినేత్తారా?" అన్నాడు.

హాల్లో వయసు మళ్ళినవాళ్ళు, మీసాలు రానివాళ్ళు, చంకలో బిడ్డను అత్తగారికిచ్చి వచ్చిన ఇల్లాలు, అందరూ ఉన్నారు. దేవికి కిటికీ పక్క బల్ల వచ్చింది. మొదటి పేజీలు సాఫీగానే జరిగాయి. తరవాత ఆ ప్రశ్న వచ్చింది. దీర్ఘచతురస్రాకారపు స్థలం, పొడవు పదిహేను మీటర్లు, వెడల్పు తొమ్మిది మీటర్లు. వైశాల్యం ఎన్ని చదరపు మీటర్లు? కింద నాలుగు జవాబులు. ఇరవై నాలుగు, నలభై ఎనిమిది, నూట ఇరవై, నూట ముప్పై ఐదు. ఆ వెనక పేజీలో అదే స్థలం మీద పెద్ద లెక్క కూడా ఉంది, అంతటా పలకలు పరిస్తే ఎన్ని పడతాయని. ఇక్కడ తప్పితే అక్కడా తప్పినట్టే.

దేవి కళ్ళు మూసుకుని స్థలాన్ని లేపి నిలబెట్టబోయింది. అది లేవలేదు. ఎంత లేపినా మళ్ళీ వెల్లకిలా పడిపోతోంది. పడిపోయి, మెల్లగా ఇసకైపోయింది. వల పరుచుకుంది, నెత్తళ్ళు తళుక్కుమన్నాయి, నడుమ తోవ విచ్చుకుంది. తొమ్మిదిలో ఒకటి పోతే ఎనిమిది. పదిహేనెనిమిదులు నూట ఇరవై. ఇన్నాళ్ళూ ఏ ప్రశ్నపత్రంలోనూ కనబడని ఆమె జవాబు, ఆ రోజు ముచ్చటగా మూడో వరసలో కూర్చుని పిలుస్తోంది. తప్పు జవాబు అంత చనువుగా పిలిస్తే ఎవరికైనా కాళ్ళు లాగుతాయి. దేవి పెన్ను దాని దగ్గరకు వెళ్ళిపోయింది కూడా.

అప్పుడు కిటికీ ఊచ మీద కాకి వాలి, కావ్ అంది.

దేవి ఉలిక్కిపడింది. ఉలిక్కిపడింది తనొక్కతే కాదు. తోవలో కూర్చున్న పిల్ల కూడా చటుక్కున కర్ర ఎత్తింది. ఎండకు మాడిన జుట్టు, మోకాళ్ళ దాకా లంగా, కాళ్ళ నిండా ఇసక. ఇంత దగ్గరగా దాన్ని దేవి ఎప్పుడూ చూడలేదు. ఎంత చిన్న పిల్ల! కాపలా పెట్టదగ్గ వయసా అది? ఇన్నేళ్ళూ దాన్ని అక్కడే వదిలేసి, పెళ్ళి చేసుకుని, అన్నం వండుకుని, తిరుగుతోంది తను.

"ఒసే," అని పిలిచింది మెల్లగా. "నెగు. నెగిసి రా."

పిల్ల తల అడ్డంగా ఊపింది. "అమ్మ తంతాది. కాకులు తినేత్తాయి."

"తిననీ."

"అన్నీ తినేత్తాయి."

"తింటే తిననీయే. ఎన్ని తింటాయి? బేగి రా, బడికెల్లిపోదుము."

బడి అనేసరికి పిల్ల ముఖం మారింది. నమ్మనట్టు చూసింది. "ఈ పంట అయిపోనాదా?"

"అయిపోనాది తల్లీ. ఎప్పుడో అయిపోనాది. నానే సెప్పడం మర్సిపోనాను."

పిల్ల కర్ర ఇసకలో గుచ్చేసి లేచింది. లంగా దులుపుకుంది. తోవ వెంట నడిచి వచ్చింది, చేపలను తొక్కకుండా, పాదం ముందు పాదం వేస్తూ. పిల్ల దాటిన చోటల్లా వెనక రెండు వైపుల నెత్తళ్ళూ చప్పుడు లేకుండా జరిగి కలుసుకున్నాయి. చివరి అంగ కూడా వేసి అంచు దాటి ఇవతలకు వచ్చేసరికి అక్కడ తోవ లేదు. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకటే వెండి. తొమ్మిదికి తొమ్మిదీ ఉన్నాయి.

దేవి నాలుగో జవాబు పెట్టింది. పెట్టి, బల్ల మీద కాస్త పక్కకు జరిగింది.

"ఏమ్మా, ఎందుకు జరుగుతున్నారు? అటువాళ్ళ పేపర్లోకి చూడకూడదు," అన్నాడు కాపలా ఉన్న మాస్టారు.

"చూడ్డం లేదండి. ఊరికే, చోటు కోసం," అంది దేవి. పలకల లెక్క కూడా ఆ చోట్లోనే, ఆ పిల్ల భుజం తగులుతూ ఉండగా, నింపాదిగా చేసుకుంది. గోడలేవీ అక్కర్లేకపోయాయి.

ఫలితాలు వచ్చిన రోజు పిల్లలు నిద్రపోతున్నారు. నీలవేణి ఫోనులో నంబరు కొట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ కొట్టి, ఒక్క కేక పెట్టింది. పిల్లలందరూ లేచి ఏడుపు లంకించుకున్నారు. ఈశ్వర్‌ను చంకనేసుకుని ఊరుకోబెడుతూనే నీలవేణి దేవి వీపు మీద ఒక్కటి వేసింది. "పాసే! పాసయిపోనావే దొంగముండా!" అని తనూ ఏడ్చేసింది. ఇక మిగిలినవి కాగితాల పనులు, అవి నేను చూసుకుంటాను, ఆఫీసు చుట్టూ తిరగడం నాకు అలవాటే అంది. దేవికి ఆ మాటలు దూరంగా ఎక్కడో వినబడుతున్నాయి. పిల్లలను జోకొట్టడానికి ఆమె గొంతులోంచి పాట దానంతటదే వచ్చింది. వంటగదిలోంచి కాదు, గది నడిమధ్య నిలబడి పాడింది. పిల్లలు ఏడుపాపి ఆమె నోటికేసి చూశారు.

కాసేపటికి, అమ్మకు చెప్పి వస్తానని దిబ్బ ఎక్కింది. మరిడమ్మ వల పరిచి నెత్తళ్ళు చల్లడం పూర్తి చేసి, తోవలో నిలబడి నడుం నిమురుకుంటోంది. ఇంకో గంపెడు నెత్తళ్ళు వల అంచున అలాగే ఉన్నాయి. కర్ర ఇసకలో గుచ్చి ఉంది.

"అమ్మా, పాసయినానే."

మరిడమ్మ ముఖం చాటంతయింది. "నిజవేనేటే? ఆ దిక్కుమాలిన లెక్కలు కూడానా? అయితే మరి నిరుడేటయినాదే నీకు?"

దేవి చెప్పింది. ఇసకలో అంచున చతికిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నువ్వుచేను, గోడలు, కాకి, కర్ర పట్టుకున్న పిల్ల. నవ్విస్తూనే చెప్పాలనుకుంది. పిల్ల దగ్గరికొచ్చేసరికి నవ్వించడం కుదరలేదు. "ఈ పంట అయిపోనాదా అనడిగిందమ్మా," అంది.

మరిడమ్మ తన కాళ్ళ కిందికి చూసుకుంది. ఆమె నిలబడ్డది సరిగ్గా ఆ చోటే. ఒకప్పుడు కూతురికి కర్ర ఇచ్చి, ఇక్కడ కూకో, కదలకు అని చెప్పిన చోటు. గాలి ఇటు తిరిగింది. అంగన్‌వాడీలో పిల్లలు లేచినట్టున్నారు, నీలవేణి చదివిస్తున్న ఒకటీ రెండూ మూడూ లీలగా వినబడ్డాయి. ఆ చప్పుడు ఇక్కడిదాకా వస్తుందని మరిడమ్మకు ఇన్నేళ్ళూ తెలీదు. చేపలు తిరగెయ్యడం, సంతకు పరుగెత్తడం తప్ప ఆమె ఎప్పుడు చెవి ఒగ్గింది గనక?

"ఆ గంప ఇలగియ్యి," అంది చివరికి.

దేవి అందించింది. మరిడమ్మ తోవ ఆ చివరికి నడిచి, వంగి, గంపలోంచి దోసిళ్ళతో నెత్తళ్ళు తీసి తోవలో పోసింది. అరచేత్తో పలచగా సర్దింది. ఒక అంగ వెనక్కి వేసి మళ్ళీ పోసింది.

"అమ్మా! ఏటి సేస్తన్నావు? రేపు తిరగెయ్యడం ఎలగే?"

"తిరగెయ్యకపోతే కొన్ని కుళ్ళుతాయి. కుళ్ళనీ."

ఒక్క చేప పాడైతే ఊరంతా వినేలా తిట్టే మనిషి అంది ఆ మాట. వెనక్కి వెనక్కి నడుస్తూ, ఎక్కడా ఖాళీ వదలకుండా, తోవ మొత్తం పూడ్చుకుంటూ వచ్చింది. అంచు దాటి కూతురి పక్కకు వచ్చి నిలబడేసరికి ఆయాసంతో రొప్పుతోంది.

"ఇప్పుడు సెప్పు. ఎంతయినాది?"

దేవి చూసింది. పన్నెండు, ఎనిమిది. నడుమ ఏమీ లేదు, ఎవరూ లేరు.

"తొంబై ఆరమ్మా."

"పూర్తిగానా?"

"పూర్తిగా."

మరిడమ్మ తల ఊపింది. ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది. చేపల వాసనకు అప్పుడే రెండు కాకులు దిబ్బ మీద వాలాయి. దేవి అలవాటు కొద్దీ కర్ర కోసం చెయ్యి చాపింది. తల్లి ఆ చెయ్యి పక్కకు తోసేసి, కర్ర తనే పీక్కుని, వల బయట ఇసకలో కాళ్ళు చాపుకు కూర్చుంది.

"నువ్వెల్లు. పిల్లలు సూస్తుంటారు," అంది. "కాకుల్ని నాను తోల్తాను."